ముగింపుకు ఒక వరుస: ప్రోగ్రాం నిష్క్రమణ, థ్రెడ్ల విరమణ

సభికులందరికీ నమస్కారం.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట రోజూ రాత్రి నడిచే పైథాన్ ప్రోగ్రాం ఒకటి ఉండేది. ఒక ప్రోగ్రాంలో ఏకకాలంలో సాగే పని దారులను థ్రెడ్లంటాం. అందులో ప్రధాన థ్రెడ్ లెక్కలు చేసి ఒక్కొక్క ఫలితాన్నీ క్యూలో వేస్తుంటే, వెనుక మరో థ్రెడ్ వాటిని తీసుకుని ఫైల్లో రాసేది. ప్రోగ్రాం ఏ ఫిర్యాదూ లేకుండా, విజయాన్ని సూచించే ఎగ్జిట్ కోడ్ సున్నాతో ముగిసేది. ఉదయం ఫైలు తెరిస్తే మాత్రం చివరి వరుసలు కొన్ని ఉండేవి కావు. ఒకరోజు పది పోయేవి, మరోరోజు రెండు వందలు పోయేవి, ఇంకొన్ని రోజులు అన్నీ సరిగ్గానే ఉండేవి. వారం రోజులు లెక్కల్లో తప్పు వెతికిన తరువాత, తప్పు లెక్కల్లో కాదు, ముగింపులో ఉందని తెలిసింది. ఆ రాసే థ్రెడ్‌ను డీమన్ థ్రెడ్‌గా, అంటే ముగిసేటప్పుడు ప్రోగ్రాం వేచి చూడని థ్రెడ్‌గా, మార్చినది నేనే. అంతకుముందు ఆ ప్రోగ్రాం పని పూర్తయినా ముగియకుండా అలాగే నిలిచిపోతోందని, దాన్ని వదిలించుకోవడానికి డీమన్ అన్న ఆ ఒక్క మాట చేర్చాను. నిలిచిపోవడం ఆగింది, వరుసలు పోవడం మొదలైంది.

ఈ రెండు లక్షణాలకూ మూలం ఒకటే: ఆ థ్రెడ్‌కు ఆగమని సమయానికి ఎవరూ చెప్పలేదు. థ్రెడ్‌ను బయటినుంచి క్షేమంగా ఆపడం ఏ రన్‌టైమ్‌కూ, అంటే ప్రోగ్రాంను నడిపించే ఏ భాషా వ్యవస్థకూ, సాధ్యం కాదు. ఆగమని అడగవచ్చు, ఆగేదాకా వేచి ఉండవచ్చు, అంతకు మించి చేసేది ఏదైనా ఎక్కడో ఒకచోట నష్టం కలిగిస్తుంది. నేను ఎక్కువగా పైథాన్ గురించే మాట్లాడతాను, అవసరమైనచోట జావానూ లైనక్స్‌నూ తోడు తెచ్చుకుంటాను.

ముందు కింది అంతస్తు చూద్దాం. ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన లైనక్స్ కెర్నెల్‌కు ప్రోగ్రాం ముగింపు చాలా సూటి అయిన పని. ఎగ్జిట్ గ్రూప్ అనే సిస్టమ్ కాల్ అందగానే అది ఆ ప్రాసెస్‌లోని, అంటే నడుస్తున్న ఆ ప్రోగ్రాంలోని, థ్రెడ్లన్నిటినీ ఆపివేసి, మెమరీని వెనక్కు తీసుకుని, తెరిచి ఉన్న ఫైళ్లను మూసి, తల్లి ప్రాసెస్ చదువుకోవడానికి ఎగ్జిట్ కోడ్ అనే ఒక చిన్న సంఖ్యను నిలిపి ఉంచుతుంది. ఏ థ్రెడ్ ఏ పని మధ్యలో ఉందన్నది కెర్నెల్ చూడదు, చూడవలసిన అవసరమూ దానికి లేదు. అయితే అది మూసే ఫైళ్లలో చేరేది అప్పటికే కెర్నెల్‌కు అందిన బైట్లు మాత్రమే. మీ ప్రాసెస్ సొంత మెమరీలో ఇంకా రాయకుండా బఫర్‌గా నిలిచిన బైట్లు ఉన్నాయన్న సంగతే దానికి తెలియదు. తెరమీదకు ప్రింట్ చేసినప్పుడు కనిపించిన చివరి వాక్యం, అదే ప్రోగ్రాంను ఫైల్లోకి మళ్లించి నడిపితే కనిపించకుండా పోవడానికి తరచు ఇదే కారణం. తెరకైతే బఫర్ వరుస పూర్తయినప్పుడల్లా ఖాళీ అవుతుంది, ఫైలుకైతే బఫర్ నిండినప్పుడే ఖాళీ అవుతుంది.

ఆ బఫర్లను ఖాళీ చేయించే పని దాని పై అంతస్తుది, అంటే సీ లైబ్రరీది. ఎగ్జిట్ అనే ఫంక్షన్‌ను పిలిస్తే, ఎట్‌ఎగ్జిట్ ద్వారా ముందుగా నమోదు చేసుకున్న ఫంక్షన్లను అది నమోదైన వరుసకు తిరగేసి నడిపి, ఫైళ్ల బఫర్లను ఫ్లష్ చేసి, అంటే ఖాళీ చేసి, ఆ తరువాతే కెర్నెల్‌ను పిలుస్తుంది. ముందు అండర్‌స్కోర్ ఉన్న ఎగ్జిట్‌ను పిలిస్తే ఈ మర్యాదలేవీ ఉండవు, నేరుగా కెర్నెల్‌కే వెళుతుంది. పేర్లలో తేడా ఒక్క గీత, ఫలితంలో తేడా మీ డేటా.

భాష రన్‌టైమ్ ఈ రెండింటికీ పైన ఉన్న మూడో అంతస్తు. ఇక్కడ భాషలు రెండు దారులుగా చీలిపోయాయి. గో, రస్ట్ భాషల్లో మెయిన్ ఫంక్షన్ ముగిస్తే ప్రోగ్రాం ముగిసినట్టే. మిగతా గోరొటీన్లు (గో భాషలోని తేలికపాటి థ్రెడ్లు) గానీ థ్రెడ్లు గానీ ఏ పనిలో ఉన్నా వాటికోసం ఎవరూ వేచి ఉండరు. జావా, పైథాన్ భాషల్లో అలా కాదు. మెయిన్ ముగిసినా, డీమన్ కాని థ్రెడ్ ఒక్కటి మిగిలి ఉన్నా ప్రోగ్రాం బతికే ఉంటుంది. మొదటి దారిలో ప్రోగ్రామర్ వేచి ఉండడం మరిచిపోతే పని పోతుంది, రెండో దారిలో ఆగమని చెప్పడం మరిచిపోతే ప్రోగ్రాం నిలిచిపోతుంది. నా అభిప్రాయంలో రెండోదే మేలు, ఎందుకంటే నిలిచిపోయిన ప్రోగ్రాం కంటికి కనిపిస్తుంది, పోయిన వరుస కనిపించదు.

ఇప్పుడు థ్రెడ్ దగ్గరకు వద్దాం. ఇందులో జావా చరిత్ర తెలుసుకోకుండా ముందుకు పోకూడదు, ఎందుకంటే థ్రెడ్‌ను బయటినుంచి ఆపడానికి ప్రయత్నించి, ఆ ప్రయత్నం ఎందుకు తప్పో బాహాటంగా వివరించి వెనక్కు తగ్గిన రన్‌టైమ్ అది. మొదటినుంచీ జావా థ్రెడ్‌కు స్టాప్ అనే మెథడ్ ఉండేది. ఒక థ్రెడ్ మరో థ్రెడ్ మీద దాన్ని పిలిస్తే, ఆ రెండో థ్రెడ్ ఏ వరుస నడుపుతుంటే ఆ వరుసలోనే థ్రెడ్‌డెత్ అనే ఎక్సెప్షన్ (మామూలు నడకను ఆపే దోష సంకేతం) పుట్టేది. అది పిలుపుల దొంతర గుండా పైకి పోతూ, ఆ థ్రెడ్ పట్టుకున్న లాక్‌లన్నిటినీ ఒక్కొక్కటిగా విడిచిపెట్టేది. చూడడానికి ఇది శుభ్రమైన పద్ధతిలాగే ఉంటుంది. లాక్‌లు విడుదలయ్యాయి కదా, ఇక ఇబ్బంది ఏమిటి అనిపిస్తుంది.

ఇబ్బంది అంతా ఆ విడుదలలోనే ఉంది. బస్సు సీట్ల పట్టిక ఒకటి మెమరీలో ఉందనుకోండి. ఒక థ్రెడ్ లాక్ తీసుకుని, పద్నాలుగో సీటు నిండిందని గుర్తు పెట్టింది, ప్రయాణికుడి పేరు రాయబోతోంది. సరిగ్గా ఆ రెండు పనుల మధ్య దాన్ని ఆపివేశారు. లాక్ విడుదలైంది కాబట్టి తరువాతి థ్రెడ్ ధీమాగా లోపలికి వచ్చి పట్టిక చూస్తుంది: సీటు నిండింది, ప్రయాణికుడు లేడు. లాక్ అన్నదే, లోపల పని సగంలో ఉండగా ఇతరులు చూడకుండా కాపాడడానికి పెట్టుకున్నది. స్టాప్ మెథడ్ ఆ సగం పనిని లోకానికి తెరిచి చూపించేది. పోనీ లాక్ విడుదల చేయకుండా థ్రెడ్‌ను ఆపితే ఎలా ఉంటుందంటే, తాళంచెవి జేబులో పెట్టుకుని మనిషి మాయమైనట్టు, ఆ లాక్ కోసం వచ్చే ప్రతి థ్రెడ్ శాశ్వతంగా గుమ్మం దగ్గరే నిలబడిపోతుంది. విడిచినా ముప్పే, విడవకున్నా ముప్పే. అందుకే 1998లో వచ్చిన జేడీకే 1.2లోనే స్టాప్‌ను వాడవద్దని ప్రకటించారు, 2023లో వచ్చిన జావా 20లో, దాన్ని పిలిస్తే ఆ పని చేయడానికి నిరాకరిస్తూ ఎక్సెప్షన్ వచ్చేలా మార్చారు. పావు శతాబ్దం పట్టింది.

దాని స్థానంలో జావా ఇచ్చినది ఇంటరప్ట్. అది ఆజ్ఞ కాదు, విన్నపం. అవతలి థ్రెడ్‌కు ఒక గుర్తు పెడుతుంది, అది నిద్రలోనో వేచి ఉండడంలోనో ఉంటే లేపుతుంది, అంతే. ఎక్కడ ఆగాలో ఆ థ్రెడే నిర్ణయించుకోవాలి, ఎందుకంటే తన చేతిలో ఏ లాక్ ఉందో, ఏ పని సగంలో ఉందో తెలిసినది అది ఒక్కటే. యూనిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణమైన పోసిక్స్ థ్రెడ్లలోని క్యాన్సిల్ సదుపాయమూ ఈ దారిలోనే నడుస్తుంది. మామూలుగా అది రద్దును వెంటనే అమలు చేయదు, రీడ్, స్లీప్ వంటి నిర్ణీత స్థలాలకు చేరేదాకా వాయిదా వేస్తుంది. ఆండ్రాయిడ్ వాడే బయోనిక్ సీ లైబ్రరీలో ఈ సదుపాయమే లేదు. పైథాన్ థ్రెడింగ్ మాడ్యూల్‌లో థ్రెడ్‌ను చంపే మెథడ్ ఎందుకు లేదని ప్రతి తరగతిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. అది మరిచిపోయి వదిలేసినది కాదు, తెలిసి పెట్టనిది.

పైథాన్‌లో సిస్ మాడ్యూల్ ఎగ్జిట్ ఫంక్షన్ గురించి ఒక పొరపాటు అభిప్రాయం ఉంది. అది ప్రోగ్రాంను ముగించదు. అది చేసేదల్లా సిస్టమ్‌ఎగ్జిట్ అనే ఎక్సెప్షన్‌ను లేపడం. ప్రధాన థ్రెడ్‌లో ఆ ఎక్సెప్షన్ ఎవరి చేతా చిక్కకుండా పైదాకా వస్తే ఇంటర్‌ప్రెటర్ ముగింపు మొదలుపెడుతుంది. వేరే థ్రెడ్‌లో లేపితే ఆ థ్రెడ్ ఒక్కటే చప్పుడు లేకుండా ముగుస్తుంది, ప్రోగ్రాం మాత్రం నడుస్తూనే ఉంటుంది. అప్పగించిన పనులు చేసే పనివాడి థ్రెడ్‌లో తీవ్రమైన తప్పు కనబడితే సిస్ ఎగ్జిట్ పిలిచి మొత్తం ఆగిపోయిందనుకునే కోడ్‌ను నేను చాలాసార్లు చూశాను. ఆగింది ఆ పనివాడు మాత్రమే, క్యూ అవతల నింపేవాడు నింపుతూనే ఉన్నాడు.

ప్రధాన థ్రెడ్ ముగిసిన తరువాత సీపైథాన్, అంటే పైథాన్ మామూలు ఇంటర్‌ప్రెటర్, ఏ వరుసలో ఇల్లు సర్దుకుంటుందో కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే చాలా లోపాలు ఈ వరుస తెలియకపోవడం వల్లనే పుడతాయి. మొదట, డీమన్ కాని థ్రెడ్లన్నీ ముగిసేదాకా అది వేచి ఉంటుంది. రెండవది, ఎట్‌ఎగ్జిట్‌లో నమోదైన ఫంక్షన్లను చివరిది మొదటగా నడుపుతుంది. ఆ తరువాతే ఇంటర్‌ప్రెటర్ ముగుస్తోందన్న గుర్తు పెట్టి, ప్రామాణిక అవుట్‌పుట్ బఫర్లను ఫ్లష్ చేసి, మాడ్యూళ్లను విప్పి, వస్తువులను విడుదల చేస్తుంది. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలన్న మాట ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది: మీ కోడ్ నిశ్చింతగా నడవగలిగేది మొదటి రెండు మెట్ల మీదే, మూడో మెట్టు నుంచి దీపం ఆరిపోతున్నట్టే లెక్క.

ఇప్పుడు ఈ వరుసలో ఒక చిక్కు చూడండి. ఒక థ్రెడ్‌ను జాగ్రత్తగా డీమన్ కాకుండా సృష్టించారు, ఆగమని చెప్పడానికి ఒక ఈవెంట్, అంటే థ్రెడ్ చూసుకునే గుర్తు, పెట్టుకున్నారు, ప్రోగ్రాం ముగిసేటప్పుడు ఆ ఈవెంట్‌ను సెట్ చేసే ఫంక్షన్‌ను ఎట్‌ఎగ్జిట్‌లో నమోదు చేశారు. ప్రతి అడుగూ సబబుగానే కనిపిస్తుంది. కానీ ప్రోగ్రాం ఎప్పటికీ ముగియదు. ఎట్‌ఎగ్జిట్ నడవాలంటే ముందు థ్రెడ్లు ముగియాలి, థ్రెడ్ ముగియాలంటే ఎట్‌ఎగ్జిట్ నడవాలి. కంట్రోల్ సీ నొక్కితే థ్రెడింగ్ మాడ్యూల్ షట్‌డౌన్‌లో ఎక్సెప్షన్‌ను విస్మరించామన్న సందేశం ఒకటి వస్తుంది. అది చూసినవారు ఈ సభలో చాలామంది ఉంటారు. నేను మొదట చెప్పిన రాత్రి ప్రోగ్రాం నిలిచిపోవడానికి కారణం సరిగ్గా ఇదే. ఆ సందర్భంలో సరైన మందు, ఈవెంట్‌ను సెట్ చేసే పనిని ఎట్‌ఎగ్జిట్ నుంచి తీసి ప్రధాన ఫంక్షన్ చివర, తప్పు వచ్చినా నడిచే ఫైనల్లీ బ్లాక్‌లో పెట్టి, వెంటనే జాయిన్ చేయడం, అంటే ఆ థ్రెడ్ ముగిసేదాకా వేచి ఉండడం. నేను డీమన్ అన్న మాట చేర్చి రోగాన్ని మరో చోటికి పంపాను.

పైథాన్ సొంత లైబ్రరీ కూడా ఇదే చిక్కును దాటవలసి వచ్చింది. కంకరెంట్ ఫ్యూచర్స్‌లోని థ్రెడ్‌పూల్ ఎగ్జిక్యూటర్ పనివాళ్లు వెర్షన్ 3.8 దాకా డీమన్ థ్రెడ్లే. ముగింపులో ఎట్‌ఎగ్జిట్ ఫంక్షన్ ఒకటి వాళ్లకు ఆగమని చెప్పి జాయిన్ చేసేది. 3.9లో వాళ్లను మామూలు థ్రెడ్లుగా మార్చినప్పుడు, ఆగమని చెప్పే పని థ్రెడ్ల కోసం వేచి ఉండడానికి ముందే జరిగేలా, థ్రెడింగ్ మాడ్యూల్ లోపల ప్రత్యేకంగా మరో నమోదు ఏర్పాటు పెట్టారు. అది అంతర్గత ఏర్పాటు, మనం వాడుకోవడానికి ఇచ్చినది కాదు. కానీ ముందు చెప్పడం, తరువాత వేచి ఉండడం అన్న వరుస ఎంత ముఖ్యమో అది చూపిస్తుంది.

ఇక డీమన్ థ్రెడ్ల సంగతి. ముగింపు మూడో మెట్టుకు చేరిన తరువాత కూడా అవి బతికే ఉంటాయి. ఏ సాకెట్ దగ్గరో నిద్రపోతున్న డీమన్ థ్రెడ్ మేలుకుని, పైథాన్ కోడ్ నడపడానికి జీఐఎల్ అని మనం పిలిచే పెద్ద లాక్‌ను అడుగుతుంది. అప్పటికే ఇల్లు సగం విప్పేశారు. లాక్ ఇస్తే, విడుదలైన వస్తువులను ముట్టుకుని ప్రోగ్రాం కూలిపోతుంది. కాబట్టి చాలా ఏళ్లు సీపైథాన్ అలా అడిగిన థ్రెడ్‌ను అక్కడికక్కడే పీథ్రెడ్ ఎగ్జిట్ పిలిచి ముగించేది. ఇది మళ్లీ బయటినుంచి చంపడమే. ఆ థ్రెడ్ దొంతరలో కింద సీ ప్లస్ ప్లస్ కోడ్ ఉంటే, లైనక్స్ మీద పీథ్రెడ్ ఎగ్జిట్ ఆ దొంతరను విప్పుకుంటూ పోతుంది, జీఐఎల్ చేతిలో లేకుండానే వస్తువులను సర్దివేసే డిస్ట్రక్టర్లు నడుస్తాయి, ఎక్సెప్షన్ దాటకూడదని ప్రకటించిన ఫంక్షన్ ఎదురైతే మొత్తం ప్రాసెస్ అర్ధాంతరంగా కూలిపోతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి. అందుచేత వెర్షన్ 3.14 నుంచి పద్ధతి మార్చారు: అలా లాక్ అడిగిన థ్రెడ్‌ను చంపరు, ముందుకు పోనివ్వరు, ప్రాసెస్ ముగిసేదాకా అలాగే నిలిపివేస్తారు. దొంతర విప్పరు, ఏ డిస్ట్రక్టరూ నడవదు, చివరికి కెర్నెల్ అందరినీ ఒకేసారి తీసుకుపోతుంది. ఇది నాకు నచ్చిన నిర్ణయం. క్షేమంగా చంపలేనప్పుడు చంపడానికి ప్రయత్నించకపోవడమే నిజాయితీ.

అయినా ఆ నిలిపివేత కూడా ఖర్చు లేనిది కాదు. డీమన్ థ్రెడ్ ప్రింట్ మధ్యలో, ప్రామాణిక అవుట్‌పుట్ బఫర్ లాక్ చేతిలో ఉండగా ఆగిపోతే, ముగింపులో ఆ బఫర్‌ను ఫ్లష్ చేయవలసిన ప్రధాన థ్రెడ్‌కు ఆ లాక్ దొరకదు. అప్పుడు ఇంటర్‌ప్రెటర్, ముగింపు సమయంలో లాక్ అందలేదనీ దానికి డీమన్ థ్రెడ్లు కారణం కావచ్చుననీ ఒక ప్రాణాంతక దోషం ప్రకటించి తనను తాను కూల్చుకుంటుంది. ఎప్పుడో ఒకసారి మాత్రమే వచ్చే ఈ సందేశాన్ని చూసి సర్వర్‌నో మెమరీనో అనుమానించకండి. ఆ సందేశం చెబుతున్న మాటనే నమ్మండి. గడియారం చూసి గణాంకాలు పంపే థ్రెడ్ వంటి, మధ్యలో పోయినా ఎవరికీ నష్టం లేని పనికి తప్ప డీమన్ థ్రెడ్‌ను వాడవద్దని నేను గట్టిగా చెబుతాను. ఫైలు, డేటాబేస్, క్యూ, వీటిలో దేన్ని ముట్టుకున్నా ఆ థ్రెడ్ డీమన్ కాకూడదు.

ఇంతవరకు ప్రోగ్రాం తనంతట తాను ముగిసే సందర్భం చెప్పాను. నేడు మన సర్వీసుల్లో ఎక్కువ భాగం అలా ముగియవు, బయటినుంచి సిగ్నల్ వస్తే ముగుస్తాయి. ప్రోగ్రాంలను కంటైనర్లనే విడి పెట్టెల్లో నడిపే డాకర్‌కు స్టాప్ అని చెబితే, కంటైనర్‌లోని మొదటి ప్రాసెస్‌కు ముగించమని అడిగే సిగ్‌టర్మ్ పంపి, ప్రత్యేకంగా చెప్పకపోతే పది సెకన్లు ఆగి, అప్పటికీ ముగియకపోతే బలవంతంగా ముగించే సిగ్‌కిల్ పంపుతుంది. కంటైనర్లను నిర్వహించే కుబర్నెటీస్ మామూలుగా ముప్పై సెకన్లు ఇస్తుంది. సిగ్‌కిల్‌ను ఏ ప్రోగ్రామూ పట్టుకోలేదు కాబట్టి మన మర్యాదలన్నీ ఆ గడువులోపే పూర్తి కావాలి. పైథాన్ కంట్రోల్ సీ కోసం, అంటే సిగ్‌ఇంట్ కోసం, సిగ్నల్ వచ్చినప్పుడు నడిచే హ్యాండ్లర్ ఒకటి తనే పెట్టి దాన్ని ఎక్సెప్షన్‌గా మారుస్తుంది. సిగ్‌టర్మ్‌కు మాత్రం ఏమీ పెట్టదు. కాబట్టి సిగ్‌టర్మ్ వస్తే ఫైనల్లీ బ్లాక్‌లు నడవవు, ఎట్‌ఎగ్జిట్ నడవదు, బఫర్లు ఫ్లష్ కావు, కెర్నెల్ నేరుగా ముగిస్తుంది. పైగా మీ ప్రాసెస్ కంటైనర్‌లో ఒకటో నంబరుదైతే, హ్యాండ్లర్ పెట్టని సిగ్‌టర్మ్‌ను కెర్నెల్ దానికి వర్తింపజేయదు కూడా. పది సెకన్లు ఏమీ జరగదు, ఆ తరువాత సిగ్‌కిల్ వస్తుంది. డాకర్ స్టాప్ ప్రతిసారీ కచ్చితంగా పది సెకన్లు తీసుకుంటుంటే ఈ కారణాన్ని ముందుగా చూడండి.

హ్యాండ్లర్ రాసేటప్పుడు అందులో పని చేయకండి. పైథాన్‌లో సిగ్నల్ హ్యాండ్లర్ ఎప్పుడూ ప్రధాన థ్రెడ్‌లోనే, ఏ రెండు సూచనల మధ్యనైనా నడుస్తుంది, అంటే ప్రధాన థ్రెడ్ ఒక లాక్ పట్టుకుని ఉన్న క్షణంలో కూడా నడవవచ్చు. అక్కడ అదే లాక్‌ను మళ్లీ అడిగితే తనకోసం తానే వేచి ఉండే స్థితి వస్తుంది. ప్రధాన థ్రెడ్ మామూలుగా చూసుకునే ఒక సాదా గుర్తును హ్యాండ్లర్‌లో మార్చి బయటికి రావడం మంచిది. పనివాళ్లకు ఆగమని చెప్పడం, క్యూలో చివర ఇక ఏమీ లేదన్న గుర్తు వస్తువును వేయడం, గడువు పెట్టి జాయిన్ చేయడం, ఇవన్నీ ప్రధాన థ్రెడ్ తన మామూలు దారిలో చేయాలి. గడువు పెట్టి జాయిన్ చేసిన తరువాత థ్రెడ్ ఇంకా బతికే ఉందా అని తప్పనిసరిగా చూడాలి, ఎందుకంటే గడువు దాటినా జాయిన్ ఏ ఎక్సెప్షనూ లేపకుండా తిరిగి వచ్చేస్తుంది.

జావాలో ఈ భాగం వేరుగా ఉంటుంది, ఒక్క మాటలో చెప్పి వదిలేస్తాను. అక్కడ సిగ్‌టర్మ్ వస్తే షట్‌డౌన్ హుక్‌లు (ముగింపులో నడవమని నమోదు చేసిన పనులు) నడుస్తాయి, కానీ అవన్నీ వేర్వేరు థ్రెడ్లుగా ఒకేసారి, ఏ వరుసా లేకుండా నడుస్తాయి. లాగ్ మూసే హుక్, లాగ్ రాసే హుక్ కంటే ముందే ముగియవచ్చు. వరుస కావాలంటే ఒకే హుక్ పెట్టుకుని అందులో వరుసగా చేయాలి.

ఎగ్జిట్ కోడ్ గురించి కూడా కొంచెం శ్రద్ధ పెట్టండి, ప్రోగ్రాం పోయిన తరువాత మిగిలే సాక్ష్యం అదే. షెల్‌లో 137 కనిపిస్తే 128కి తొమ్మిది కలిపారని అర్థం, అంటే సిగ్‌కిల్. 143 అయితే సిగ్‌టర్మ్, 130 అయితే కంట్రోల్ సీ. పైథాన్ నుంచి 120 వస్తే, పని ముగిసిన తరువాత బఫర్లు ఫ్లష్ చేయడంలో తప్పు జరిగిందని. తల్లి ప్రాసెస్‌కు చేరేది కింది ఎనిమిది బిట్లే కనుక, తప్పుల సంఖ్యను ఎగ్జిట్ కోడ్‌గా పంపే ప్రోగ్రాంలో సరిగ్గా 256 తప్పులు వచ్చిన రోజున అది సున్నాగా, అంటే విజయంగా కనిపిస్తుంది.

ఇందాక విరామంలో ఒక మిత్రుడు అడిగిన ప్రశ్న ఉంది: థ్రెడ్ మన కోడ్‌లో కాక, ఎవరో రాసిన సీ లైబ్రరీ లోపల తిరిగి రాకుండా చిక్కుకుపోతే, అది మన విన్నపం వినే స్థితిలోనే లేకపోతే ఏం చేయాలి? పైథాన్‌లో వేరే థ్రెడ్‌లోకి ఎక్సెప్షన్‌ను చొప్పించే సీ స్థాయి ఫంక్షన్ ఒకటి ఉంది గానీ, ఆ థ్రెడ్ తిరిగి పైథాన్ కోడ్‌లోకి వచ్చినప్పుడే అది పనిచేస్తుంది, కాబట్టి ఇక్కడ సాయపడదు. అలాంటి పనిని మొదటినుంచే థ్రెడ్‌లో పెట్టకూడదు, వేరే ప్రాసెస్‌లో పెట్టాలి. ప్రాసెస్‌ను బయటినుంచి చంపవచ్చు, ఎందుకంటే దాని మెమరీ దానిదే. సగం మారిన పట్టిక దానితోపాటే పోతుంది, మన పట్టిక చెక్కుచెదరదు. అయితే ఆ ప్రాసెస్‌తో మీరు పంచుకున్న క్యూ గానీ లాక్ గానీ ఉంటే వాటికి మళ్లీ పాత ముప్పే వస్తుంది. పంచుకునేది ఫైలు ఒక్కటే అయ్యేలా చూసుకోండి. ఆ ప్రాసెస్ తన ఫలితాన్ని అదే డైరెక్టరీలో తాత్కాలిక పేరుతో రాసి, ఫ్లష్ చేసి, అంతా పూర్తయ్యాక అసలు పేరుకు మార్చాలి. పేరు మార్చడం ఒక్క అడుగులో జరిగే పని కనుక, దాన్ని ఏ క్షణంలో చంపినా మీకు కనిపించేది పాత ఫైలైనా అయి ఉంటుంది, పూర్తయిన కొత్త ఫైలైనా అయి ఉంటుంది. నా రాత్రి ప్రోగ్రాంను చివరికి అలాగే మార్చాను, ఆ తరువాత ఒక్క వరుస కూడా పోలేదు.